తాళం తీసింది మేనల్లుడు, సంజాయిషీ మేనమామది

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. మా అక్క కొడుకు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి 18 ఏళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. పోయిన వారం మా బంధువుల పెళ్ళి రిసెప్షన్‌కు అందరం వెళ్ళాం. నేను కోటు విప్పి కుర్చీకి తగిలించి భోజనానికి వెళ్ళాను. బండి తాళం కోటు జేబులోనే ఉంది. మావాడు ఆ తాళం తీసుకుని, స్నేహితుణ్ణి ఇంటి దగ్గర దించి వస్తానని చెల్లెలితో చెప్పి నా బండి మీద వెళ్ళాడు. నన్ను అడగలేదు. వాడు అప్పుడప్పుడు ట్యూషన్‌కు నా బండి మీదే వెళ్తుంటాడు కాబట్టి తాళం ఎక్కడ ఉంటుందో వాడికి తెలుసు. దారిలో పోలీసులు ఆపి బ్రీత్ ఎనలైజర్‌లో ఊదించారు. 68 చూపించింది. అదృష్టం బాగుండి ప్రమాదమేమీ జరగలేదు. రాత్రి ఒంటిగంటకు బావగారిని పిలిపించి, సంతకం తీసుకుని పిల్లవాణ్ణి అప్పగించారు. బండి స్టేషన్‌లోనే ఉంది. మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరు కావాలన్నారు. నా మీద కూడా కేసు ఉంటుందట.

ఆ రాత్రి వాడికి మందు పోసింది బావగారి సొంత తమ్ముడేనని తర్వాత తెలిసింది. అయినా అక్క నన్నే తప్పుపడుతోంది. ఇప్పుడు బావగారి తరఫువాళ్ళు ఒక ఉపాయం చెబుతున్నారు. మా అన్నయ్య కొడుక్కి 22 ఏళ్ళు, లైసెన్సు ఉంది. బండి నడిపింది అతనేనని చెబితే జరిమానాతో పోతుందని, స్టేషన్‌లో మాట్లాడటానికి తమకు ఒక మనిషి ఉన్నాడని అంటున్నారు. అతనికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, త్వరలో చేరాలి. అయినా పాపం "సరే బాబాయ్" అన్నాడు. మావాణ్ణి ఊదిస్తున్న వీడియో ఒకటి మా వీధి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఇంజినీరింగ్ సీటు, పాస్‌పోర్టు ఏమవుతాయోనని అక్క ఏడుస్తోంది. ఈలోగా 18 నిండితే కేసు పెద్దవాళ్ళ కోర్టుకు పోతుందేమోనని ఇంకో భయం. తాళం నేను ఇవ్వలేదు కదా, నేనెందుకు శిక్ష అనుభవించాలి?
— ఒక మేనమామ

సమాధానం: మీరు అడిగినవాటికి తర్వాత వస్తాను. అడగకుండా, జరిగిన సంగతిగా రాసి ఊరుకున్న విషయం ఒకటుంది, ముందు అది తేలాలి. మీ అన్నయ్య కొడుకును ఇందులోకి లాగకండి. అతను ఒప్పుకున్నా సరే, మీరు ఒప్పుకోకండి.

ఆ ఉపాయం చెప్పినవాళ్ళు చట్టాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. 17 ఏళ్ళవాడికి శిక్ష ఎక్కువ, 22 ఏళ్ళవాడికి తక్కువ అనుకుంటున్నారు. నిజం దీనికి పూర్తిగా ఎదురు. మీ మేనల్లుడు నేరం జరిగిన రోజుకు మైనరు కాబట్టి అతని చుట్టూ బాలల న్యాయ చట్టం కట్టిన గోడ ఉంది. పోలీసు లాకప్పు లేదు, జైలు లేదు, కేసు ముగిశాక భవిష్యత్తుకు అడ్డుపడే మచ్చ లేదు. మీ అన్నయ్య కొడుక్కి అలాంటి గోడ ఏదీ లేదు. మద్యం తాగి బండి నడిపానని అతను ఒప్పుకుంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మామూలు కోర్టులో నిలబడాలి. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. జరిమానాతో వదిలినా అది నేరనిర్ధారణే. ఉద్యోగంలో చేరబోయే ముందు కంపెనీవాళ్ళు పూర్వాపరాలు విచారించినప్పుడు బయటపడేది అదే. చట్టం తనంతట తానే కాపాడుతున్న పిల్లవాణ్ణి తప్పించడానికి, కాపాడే దిక్కులేని ఇంకో పిల్లవాణ్ణి బలిపెడుతున్నారన్నమాట.

అసలు ఆ అబద్ధం నిలబడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఊదిన సమయం, వచ్చిన అంకె పరికరంలో నమోదవుతాయి. ఆ కాగితం మీద మీ మేనల్లుడి సంతకం ఉండి ఉంటుంది. ఒంటిగంటకు బావగారు సంతకం పెట్టి తీసుకెళ్ళింది ఎవరిని? మీరు చెప్పిన ఆ వాట్సాప్ వీడియోలో ఊదుతున్నది ఎవరు? ఇన్ని ఉండగా కోర్టులో ప్రమాణం చేసి వేరొకరి పేరు చెబితే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ ప్రకారం తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ళ వరకు జైలు. అసలు నేరస్తుణ్ణి తప్పించడానికి తప్పుడు సమాచారం ఇవ్వడం 238వ సెక్షన్ కింద విడిగా మరో నేరం. ఆరు నెలల కేసును ఏడేళ్ళ కేసుగా పెంచుకునే తెలివితేటలు నాకు అర్థం కావు.

పుణెలో 2024 మే 19న జరిగింది మీరు వార్తల్లో చూసే ఉంటారు. 17 ఏళ్ళ కుర్రవాడు నడుపుతున్న ఖరీదైన కారు ఢీకొని ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోయారు. రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయాలన్న షరతు కూడా పెట్టి బోర్డు అదే రోజు బెయిలు ఇవ్వడం, దాని మీద దేశమంతా గగ్గోలు పుట్టడం అందరికీ గుర్తుంది. ఆ తర్వాతి సంగతి చాలామందికి గుర్తులేదు. కుర్రవాణ్ణి అబ్జర్వేషన్ హోంకు (విచారణ సమయంలో పిల్లలను ఉంచే చోటుకు) పంపినా, జూన్ 25న బొంబాయి హైకోర్టు విడుదల చేయమంది. మరోవైపు అతని తల్లి, తండ్రి, తాత, ఇద్దరు డాక్టర్లు అరెస్టయ్యారు. రక్త నమూనా మార్చారని ఒక ఆరోపణ, నేరం నీ మీద వేసుకొమ్మని ఇంటి డ్రైవరును బలవంతపెట్టారని ఇంకో ఆరోపణ. వాటిలో ఏది నిలుస్తుందో కోర్టులు తేలుస్తాయి. కానీ పిల్లవాడు నెల రోజులకు బయటికి వచ్చాడు, తల్లిదండ్రులు నెలల తరబడి జైల్లో ఉన్నారు. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న ఆలోచన ఆ రెండో ఆరోపణకు చిన్న నకలు.

ఇక "స్టేషన్‌లో మాట్లాడే మనిషి" సంగతి. హెల్మెట్ లేకపోవడం వంటి కొన్ని నేరాలకు అక్కడికక్కడే డబ్బు కట్టి ముగించుకునే వీలు చట్టంలోనే ఉంది. మద్యం తాగి నడపడం ఆ జాబితాలో లేదు. మైనరుకు బండి అందనిచ్చిన యజమాని మీద పెట్టే 199ఎ సెక్షన్ కూడా లేదు. ఈ రెండూ న్యాయస్థానం దాకా వెళ్ళి తీరాలి. పోలీసులకు ముగించే అధికారమే లేని కేసును ఆ మనిషి ఏం మాట్లాడి ముగిస్తాడు? మీ డబ్బు తీసుకుంటాడు, అంతే. అడిగితే "పైవాళ్ళు మారారు" అంటాడు.

ఇప్పుడు అబ్బాయి విషయం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షన్ వర్తిస్తుంది. 68 అంటే రెట్టింపు దాటింది. ఈ 30 హద్దు పదిహేడేళ్ళవాడికైనా నలభై ఏళ్ళవాడికైనా ఒకటే. దానికి తోడు లైసెన్సు లేకుండా, వయసు చాలకుండా నడిపినందుకు 181వ సెక్షన్ ఉండనే ఉంది. మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. అంటే అతను చుక్క తాగకపోయినా కేసు కేసే. 16 ఏళ్ళు దాటితే స్కూటరు నడపొచ్చని చాలా ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. చట్టం 16 ఏళ్ళకు అనుమతించేది ఇంజను సామర్థ్యం 50 సీసీ మించని బండిని, అదీ లైసెన్సుతో. ఇవాళ మన వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు చాలావరకు 100 సీసీ పైవే.

ఈ సెక్షన్లలో రాసిన జైలు మాట చూసి అక్కగారు భయపడుతున్నారు కాబోలు. 18 నిండనివారికి జైలు శిక్షను అలాగే అమలు చేయరు, బాలల న్యాయ చట్టానికి తగ్గట్టు మారుస్తారు. గరిష్ఠంగా మూడేళ్ళ వరకు శిక్ష ఉన్న నేరాన్ని ఆ చట్టం చిన్న నేరంగా చూస్తుంది. ఇలాంటివాటికి సాధారణంగా ఎఫ్ఐఆర్ కూడా నమోదు చేయరు. స్టేషన్ జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి కుటుంబ నేపథ్యం మీద ఒక నివేదికతో బోర్డుకు పంపుతారు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఆ గది కోర్టులా ఉండకూడదని నిబంధనల్లోనే ఉంది. ఎత్తు వేదిక ఉండదు, బోను ఉండదు. పిల్లవాడితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడతారు. అక్కగారికి ఈ ఒక్క వివరం చెప్పండి, సగం ఏడుపు తగ్గుతుంది.

బోర్డు ఏం చేయొచ్చు? తల్లిదండ్రుల సమక్షంలో మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కు రమ్మనొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు, జరిమానా వేసి దాన్ని తల్లిదండ్రులను కట్టమనొచ్చు, మూడేళ్ళ వరకు ప్రొబేషన్ అధికారి కనిపెట్టి ఉండేలా ఆదేశించొచ్చు. చివరి మెట్టుగా ప్రత్యేక గృహానికి, అంటే నేరం తేలిన పిల్లలను ఉంచే చోటుకు పంపే అధికారం కూడా ఉంది. ఎవరికీ దెబ్బ తగలని మొదటి కేసులో, ఇంట్లో పెద్దవాళ్ళు పట్టించుకుంటున్నారని బోర్డుకు నమ్మకం కుదిరితే అంతదూరం పోతుందని నేననుకోను. ఆ నమ్మకం కుదరాలంటే అబద్ధాలు చెప్పకూడదని మళ్ళీ చెప్పనక్కరలేదు.

18 నిండుతాయన్న భయం వదిలేయండి. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన రోజున ఉన్న వయసు. విచారణ మధ్యలో పుట్టినరోజు వచ్చినా బోర్డే కొనసాగిస్తుంది. వయసుకు మొదటి ఆధారం పాఠశాల రికార్డు లేదా పదో తరగతి సర్టిఫికెట్. ఆ మెమో అసలు ప్రతి దగ్గర పెట్టుకోండి. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్న నేరం మీద విచారణ, పిల్లవాణ్ణి మొదట బోర్డు ముందు ప్రవేశపెట్టిన నాటి నుంచి నాలుగు నెలల్లో ముగియాలి. అవసరమైతే ఇంకో రెండు నెలలు పొడిగిస్తారు. అప్పటికీ తేలకపోతే కేసే ముగిసిపోతుంది. ఈ గడువు చూసి వాయిదాలు లాగుదామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. పిలిచిన రోజు రాకుండా తప్పించుకునే కుటుంబం గురించి ప్రొబేషన్ అధికారి నివేదికలో ఏం రాస్తారో ఊహించుకోండి.

ఇంజినీరింగ్ సీటు, పాస్‌పోర్టు గురించి అక్కగారికి నిబ్బరంగా చెప్పండి. బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి కేసులో నేరం రుజువైనా దానివల్ల వచ్చే అనర్హతలేవీ పిల్లవాడికి అంటవు. గడువు తీరాక ఆ రికార్డును కూడా తీసేస్తారు. ఇక ఆ వీడియో. విచారణలో ఉన్న మైనరు పేరు, బడి, చిరునామా, గుర్తుపట్టే వివరం ఏదైనా బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ. పత్రికలకూ టీవీలకూ మాత్రమే అని లేదు, ఇతర సమాచార మార్గాలకూ వర్తిస్తుందని ఉంది. గ్రూపు నడిపే పెద్దమనిషికి ఈ సెక్షన్ సంఖ్యతో సహా ఒక మెసేజ్ పెట్టి వీడియో తీసేయమనండి. మర్యాదగానే పెట్టండి, సంఖ్య చూశాక ఆయనే తొందరపడతాడు.

అబ్బాయికి అసలు దెబ్బ వేరేచోట ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద నేరం తేలిన మైనరుకు 25 ఏళ్ళు వచ్చేదాకా లెర్నర్స్ లైసెన్సు కూడా ఇవ్వరు. ఏడేళ్ళకు పైమాట. ఇంజినీరింగ్ నాలుగేళ్ళు, తర్వాత మొదటి ఉద్యోగం, రాత్రి షిఫ్టులు, ఊరి చివర ఆఫీసు, ఇవన్నీ బస్సుల్లో, ఇతరుల బళ్ళ మీద గడవాలి. పదిహేడేళ్ళ కుర్రవాడికి 10,000 జరిమానా అంటే నాన్న కట్టేది, వాడికి దాని బరువు తెలియదు. తోటివాళ్ళంతా బండి తాళాలు తిప్పుకుంటూ వస్తుంటే తాను బస్టాపులో నిలబడటం మాత్రం తెలుస్తుంది. నన్నడిగితే ఈ చట్టంలో పిల్లలకు నిజంగా తగిలే శిక్ష ఇదొక్కటే. 2019 సవరణ చేసినవాళ్ళకు కుర్రవాళ్ళ మనసు బాగా తెలుసనిపిస్తుంది. ఆ మధ్యకాలంలో "ఎవరు చూస్తారులే" అని బండి ఎక్కితే మళ్ళీ 181, అప్పటికి వయసు 18 దాటి ఉంటుంది కనుక ఈసారి బోర్డు కాదు, మామూలు కోర్టు.

ఇప్పుడు మీ ప్రశ్న. తాళం నేను ఇవ్వలేదు కదా అన్నారు. 199ఎ ఏమంటుందంటే, మైనరు ఈ చట్టం కింద నేరం చేస్తే అతని సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అని భావించాలి. ఆ నేరానికి పడే శిక్షతో పాటు అదనంగా మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. మామూలుగా నేరాన్ని రుజువు చేయాల్సింది ప్రభుత్వం. ఇక్కడ మాత్రం మీ అనుమతితోనే నడిపాడని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని మీరు రుజువు చేసుకోవాలి. తప్పించుకునే దారులు రెండున్నాయి. నాకు తెలియకుండా జరిగిందని చూపించాలి, లేదా జరగకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని చూపించాలి.

ఆ రాత్రి మీకు తెలియదు, నిజమే. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం నడుస్తూ నడుస్తూ రాసేశారు, వాడు అప్పుడప్పుడు ట్యూషన్‌కు నా బండి మీదే వెళ్తుంటాడు అని. కేసుకంతటికీ కీలకం అదే వాక్యం. ప్రాసిక్యూటరు మిమ్మల్ని కోటు గురించి అడగడు. "అంతకుముందు ఎన్నిసార్లు ఇచ్చారు?" అని అడుగుతాడు. లైసెన్సు లేని పిల్లవాడి చేతికి బండి ఇవ్వడం అలవాటైన ఇంట్లో, ఆ ఒక్క రాత్రి అడగకుండా తీశాడన్న మాటకు బలం తక్కువ. వాడు కొత్తగా తాళం వెతుక్కోలేదు, ఎక్కడ ఉంటుందో తెలుసు. ఆ తెలియడం మీరిచ్చిందే. బండి మీద కూర్చున్న ఫొటోలు మీ ఫోనులోనో మీ స్టేటస్‌లోనో ఉంటే వాటిని ఇప్పుడు హడావుడిగా తుడిచేయకండి. సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో తలనొప్పి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు మీ న్యాయవాదికి చెప్పండి. ట్యూషన్‌కు ఇచ్చిన మాట దాచి, తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే ఆ రాత్రి గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అడగకుండా తీశాడన్న వాదన ఇదివరకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011లో తీర్పు వచ్చిన ఒక పరిహారం కేసులో, బంధువుల కుర్రవాడు ఇంట్లో ఉన్న తాళం తీసుకుని మోటార్‌సైకిల్ నడిపి ప్రమాదం చేశాడు. నాకు చెప్పకుండా తీశాడన్నాడు యజమాని. తన బండి దుర్వినియోగం కాకుండా, అందులోనూ లైసెన్సు లేని మైనరు చేతిలో పడకుండా చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదేనంది కోర్టు. బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును అతని దగ్గర రాబట్టుకోవచ్చంది. అది డబ్బు కేసు, మీది శిక్ష పడే కేసు, రెండూ ఒకటి కావు. అయినా జేబులో ఉన్న తాళం గురించి న్యాయమూర్తులు ఎలా ఆలోచిస్తారో దాన్ని బట్టి తెలుస్తుంది.

ప్రమాదం జరగలేదని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. నేను అక్కడ కాస్త ఆగుతాను. వెనక కూర్చున్న కుర్రవాడు పడి చనిపోయి ఉంటే? నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు న్యాయ సంహిత 106వ సెక్షన్, ఐదేళ్ళ వరకు జైలు. తాగి నడిపితే ఎవరైనా చావొచ్చని తెలిసీ నడిపాడని పోలీసులు భావిస్తే 105వ సెక్షన్, అంటే హత్య కిందికి రాని నరహత్య. 16 దాటినవాణ్ణి పెద్దవాడిగా విచారించాలా అన్న చర్చ సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. కనీస శిక్ష ఏడేళ్ళు ఉన్న ఘోర నేరాలకే ఆ వీలుందని, గరిష్ఠ శిక్ష పెద్దదైనంత మాత్రాన చాలదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీలో 18 నిండడానికి కొద్ది రోజుల ముందు ఒక కుర్రవాడు కారుతో గుద్ది ఒకరి ప్రాణం తీసిన కేసు అది. పుణె కుర్రవాణ్ణి కూడా పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను 2025 జులైలో అక్కడి బోర్డు తోసిపుచ్చింది. అంటే అప్పుడు కూడా చట్టం పిల్లవాణ్ణి పిల్లవాడిగానే చూస్తుంది. పరిహారం మాత్రం లక్షల్లో ఉంటుంది. లైసెన్సు లేదు, పైగా మద్యం. ఈ రెండూ బీమా కంపెనీ తప్పుకోవడానికి చట్టం ఒప్పుకునే కారణాలే. బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించినా, తర్వాత ఆ సొమ్ము వసూలు చేసేది బండి యజమాని దగ్గర. మీ జీతం, మీ ఇల్లు. ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి, అకౌంటెంటు కదా.

మందు పోసిన బాబాయి గురించి ఎవరూ మాట్లాడటం లేదేమిటి? డాక్టరు చెబితే తప్ప పిల్లలకు మద్యం ఇవ్వడం బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద నేరం. ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఈ కథలో అందరికంటే పెద్ద శిక్ష వచ్చే అవకాశం ఉన్నది ఆయనకే. పెళ్ళింట్లో "ఒక గుక్కే కదా" అని పోసినవాళ్ళకు అది నేరమని తెలియను కూడా తెలియదు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దుకాణంలో మద్యం అమ్మాలంటేనే కొనేవారికి 21 ఏళ్ళు నిండి ఉండాలి. ఆ మాట అలా ఉంచి, బోర్డులోనో ప్రొబేషన్ అధికారో అబ్బాయిని "ఎవరిచ్చారు?" అని తప్పకుండా అడుగుతారు. బావగారి తరఫువాళ్ళు మీ అన్నయ్య కొడుకును ముందుకు తోయడానికి ఇంత ఉత్సాహపడటం వెనక ఈ ప్రశ్న భయం కూడా ఉందేమో నాకు తెలియదు, మీరే చూసుకోండి. మీరు వెళ్ళి ఆయన మీద ఫిర్యాదు చేయాలని నేను చెప్పడం లేదు. అబ్బాయికి మాత్రం ఏ సమాధానమూ నేర్పకండి, ఎవరినీ నేర్పనివ్వకండి. అడిగితే జరిగింది చెప్పమనండి.

చివరగా ఒక పని. మీ అక్కాబావలు, మీరు కలిసి ఒకే న్యాయవాదిని పెట్టుకుందామని ఇంట్లో అనుకుంటూ ఉంటారు, ఖర్చు కలిసివస్తుందని. అలా చేయకండి. 199ఎలో ఉన్నది "సంరక్షకుడు లేదా యజమాని". కోర్టులో బావగారి తరఫు వాదన "బండి మాది కాదు, మాకు తెలియదు" అని ఉంటుంది. మీ తరఫు వాదన "పిల్లవాడు మా అధీనంలో లేడు, నేను ఇవ్వలేదు" అని ఉంటుంది. ఒకరికి మేలు చేసే మాట ఇంకొకరికి కీడు చేస్తుంది. ఆ రెండూ ఒకే నోటితో చెప్పలేరు. అబ్బాయికి బోర్డులో న్యాయ సహాయం ఉచితంగా దొరుకుతుంది. పిల్లలకూ మహిళలకూ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదిని ఇస్తుంది, 15100కు ఫోను చేసినా చెబుతారు. మీరు మాత్రం సొంతంగా ఒకరిని చూసుకోండి, బోర్డు ఇచ్చిన తేదీకి ముందే చూసుకోండి. వెళ్ళేటప్పుడు ఆర్సీ, బీమా కాగితం, ఆ రాత్రి బండి స్వాధీనం చేసుకున్నట్టు పోలీసులు ఇచ్చిన రసీదు పట్టుకెళ్ళండి. అన్నయ్య కొడుకును ఉద్యోగంలో చేరే ఏర్పాట్లు చూసుకోమనండి.